పాటల రికార్డింగుపై నిర్మాత రాయల్టీ

రికార్డు చేసిన పాటను ఇతరులు వాడుకున్నప్పుడు ఆ రికార్డింగు హక్కుదారుకు చెల్లే ప్రతిఫలం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, రికార్డింగుకు చొరవ, బాధ్యత తీసుకున్నవారే నిర్మాత. కర్త కూడా వారే. విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఈ హక్కు ఉంటుంది.

తెలుగులో పేరొందిన పాటల్లో ఎక్కువ భాగం సినిమాలవే. అందుకే తొలి హక్కు సాధారణంగా సినీ నిర్మాతది. ఆయన దాన్ని ఆదిత్య మ్యూజిక్, లహరి మ్యూజిక్ వంటి ఆడియో సంస్థలకు ఇస్తారు. ఆపైన యూట్యూబ్, రేడియో, స్ట్రీమింగ్ రాబడిలో ఎవరికెంత అన్నది ఒప్పందమే తేలుస్తుంది. స్టూడియోలో కూర్చుని పాటకు నాదరూపం ఇచ్చే మ్యూజిక్ ప్రొడ్యూసర్‌కు, ఆ పనికిగాను చట్టం విడిగా వాటా చూపలేదు. ఇది పెద్ద లోటు.

గేయ రచయితలు, స్వరకర్తలదీ ఒకప్పుడు ఇదే పరిస్థితి. డబ్బిచ్చి రాయించుకున్న పాటపై తొలి హక్కు సినీ నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ రచయితలకు, స్వరకర్తలకు హక్కుదారుతో సమాన రాయల్టీ ఇచ్చింది, దాన్ని వదులుకునే వీలు లేకుండా చేసింది. థియేటర్లో సినిమాతోపాటు వినిపించే పాటకు మాత్రం ఇది వర్తించదు.

పాటను వాడిన ప్రతిసారీ రాయల్టీ ఉండదు. ఉదాహరణకు, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో పెళ్లి బరాత్‌కు డీజే పెడితే రాయల్టీ కట్టనక్కర్లేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కింద దానికి మినహాయింపు ఉంది. అదే పాటను హోటల్లో గిరాకీల కోసం వినిపిస్తే లైసెన్సు కావాలి.

మ్యూజిక్ ప్రొడ్యూసర్‌కు చట్టం వాటా చూపలేదు కాబట్టి, రికార్డింగు రంగంలోకి వచ్చే యువత తమ వాటా శాతాన్ని పని మొదలుకాకముందే ఒప్పందంలో రాయించుకోవాలి.