ఊపిరి ముందా, గుండె ముందా?

మా అమ్మకు పిత్తాశయంలో రాళ్ళున్నాయనీ, ఆపరేషన్ తప్పదనీ తేలిన రోజున ఇంటిల్లిపాదీ సర్జను ఎవరు, ఎంత హస్తవాసి గలవాడు అని వాకబు చేశాం. మెట్టుగూడలో మా వీధివాళ్ళు తలా ఒక పేరు చెప్పారు. మత్తుమందు ఎవరిస్తారని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఆ మాట అడిగింది మా అమ్మే.

ముందురోజు సాయంత్రం, ముప్పై దాటీ దాటని ఒక డాక్టరమ్మాయి వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. పళ్ళేమైనా కదులుతున్నాయా, ఉబ్బసం ఉందా, ఇదివరకు ఎప్పుడైనా మత్తు తీసుకున్నారా అని ఓపిగ్గా అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పి మా అమ్మ, "రేపు నాకు మత్తిచ్చేది ఎవరమ్మా?" అంది.

"నేనేనండీ."

"ఇచ్చేసి వెళ్ళిపోతావా?"

"లేదమ్మా. మీరు మళ్ళీ కళ్ళు తెరిచేదాకా మీ తల దగ్గరే ఉంటాను."

ఆ ఒక్క మాటతో మా అమ్మ హాయిగా నిద్రపోయింది. నిద్రపట్టనిది నాకే. ఆ రాత్రి ఆసుపత్రి బల్లమీద కూర్చుంటే, ఎప్పుడో చదివిన ఒక పాత కథ గుర్తుకొచ్చింది. సాక్షాత్తూ మన హైదరాబాదు కథే.

క్లోరోఫారం అనే ద్రవాన్ని రసాయన శాస్త్రజ్ఞులు 1831 ప్రాంతంలోనే తయారుచేశారు. అది దేనికి పనికొస్తుందో పదహారేళ్ళ దాకా ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. 1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ అనే పురుళ్ళ డాక్టరు, మరో ఇద్దరు మిత్రులతో భోజనాల బల్ల దగ్గర కూర్చుని దాన్ని వాసన చూశాడు. కాసేపటికి ముగ్గురూ బల్లకింద ఉన్నారు! లేచాక వాళ్ళకు అర్థమైంది, తమ చేతికి ఎంత గొప్ప మందు చిక్కిందో. ఆ రోజుల్లో కొత్త మందును పరీక్షించే పద్ధతి అదీ. పురిటినొప్పులు ఆడదానికి దేవుడు రాసిపెట్టినవి, వాటిని తగ్గించడం పాపం అన్న పెద్దమనుషులూ లేకపోలేదు. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకు జాన్ స్నో అనే డాక్టరు చేత క్లోరోఫారం ఇప్పించుకుంది. దాంతో చాలా నోళ్ళు మూతపడ్డాయి.

అయితే ఈ మందుకు రెండో ముఖం కూడా ఉంది. మందు దొరికిన మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి వెళ్ళి, క్లోరోఫారం పీల్చిన రెండుమూడు నిమిషాల్లోనే చనిపోయింది. కాలిగోరుకు ప్రాణం పోవడమేమిటి? ఆ తరువాత కూడా అక్కడక్కడా అలాంటి చావులే. ఆగిపోయేది ముందు ఊపిరా, ముందు గుండెనా? ఇదేదో పండితుల వాదమనుకోకండి. మత్తిచ్చే మనిషి దృష్టి ఎక్కడుండాలి, రోగి ఛాతీమీదా, చేతినాడి మీదా అన్నది దీన్నిబట్టే తేలాలి.

ఈ తగవు తీర్చడానికి నడుం కట్టింది హైదరాబాదు. ఎడ్వర్డ్ లారీ అని, పేరు చూసి నవ్వకండి, ఇక్కడి రెసిడెన్సీ సర్జను. హైదరాబాదు వైద్య పాఠశాలకు పెద్ద కూడా ఆయనే. ఎడింబరోలో చదువుకున్నవాడు. "ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి, గుండె సంగతి దానంతటదే చూసుకుంటుంది" అన్నది ఆయన సిద్ధాంతం. దాన్ని రుజువు చేయడానికి 1888లో ఒక కమిషన్ నడిపాడు. లండనులో 'లాన్సెట్' వైద్య పత్రిక వారు ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, మీరే ఒక నిపుణుణ్ణి పంపండి, మళ్ళీ చూద్దాం అన్నారు. లాన్సెట్ వారు లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన డాక్టరును పంపారు. 1889లో రెండో కమిషన్ కూర్చుంది. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, కుందేళ్ళు అన్నీ కలిపి నాలుగువందలకు పైగా మూగజీవాల మీద ప్రయోగాలు చేశారు. మందుల చరిత్రలో వాటికెవరూ శిలాఫలకం వేయరు, పాపం. గుండెదే తప్పని నమ్ముతూ ఓడ దిగిన బ్రంటన్, ఊపిరే ముందు ఆగుతోందని ఒప్పుకుని తిరిగి వెళ్ళాడు. లారీ గెలిచాడు.

నన్ను పట్టి ఆపింది మాత్రం లారీ గెలుపు కాదు, ఆయన శిష్యురాలు. 1885లో ఆ వైద్య పాఠశాలలో చేరిన అయిదుగురు ఆడపిల్లల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ అమ్మాయి ఒకరు. కమిషన్లు నడిచిన రోజుల్లో ఆవిడ అక్కడే చదువుకుంటున్నారు. 1889లో 'హకీం' పట్టా పుచ్చుకుని, హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇవ్వడమే తన వృత్తిగా పెట్టుకున్నారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలని ఆవిడను చెబుతారు. 1909లో ఎడింబరో వెళ్ళి భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా చదివి వచ్చారు. ఆడపిల్ల గడప దాటితేనే వింతగా చూసే కాలం అది!

కథ అక్కడితో అయిపోలేదు. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు పిల్లుల మీద పరిశోధించి అసలు గుట్టు విప్పాడు. క్లోరోఫారం ఆవిరి ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడుకు చేరి తెలివి తప్పిస్తుంది. మోతాదు మించితే మెదడులో శ్వాసను నడిపే చోటు కూడా మొద్దుబారి ఊపిరి ఆగుతుంది. ఇంతవరకూ లారీ మాట నిజమే. కానీ మత్తు ఇంకా పూర్తిగా పట్టకముందు ఇంకో అపాయం ఉంది. భయపడినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుందని వినే ఉంటారు. క్లోరోఫారం సోకిన గుండెకు ఆ అడ్రినలిన్ తగిలితే, లయ తప్పి, రక్తాన్ని తోయడం మాని, గాలికి రావాకులా వణికిపోతుంది. దాంతో ఉన్నట్టుండి ప్రాణం పోతుంది. హైదరాబాదు చెప్పింది నిజమే, కానీ సగం నిజం. నాలుగువందల జీవాలు బలైనా మిగతా సగం బయటపడలేదు. వెతికేవాళ్ళు తమకు కావలసిన జవాబును ముందే మనసులో పెట్టుకుంటే అంతే మరి.

దీన్ని చదివినప్పుడు నాకు హన్నా గ్రీనర్ గుర్తుకొచ్చింది. ఆ పిల్ల ఆపరేషనంటే హడలిపోయి ఏడ్చిందట. అంటే క్లోరోఫారం కాలంలో రోగికి ధైర్యం చెప్పడం ఒట్టి మంచితనం కాదు. అదీ వైద్యమే! పరాయి మగవాడి ముందు ముసుగు తీయని ఘోషా స్త్రీలకు, తల దగ్గర రూపాబాయి వంటి ఆడమనిషి కూర్చుని, "భయపడకమ్మా" అంటే ఎంత నిబ్బరం కలిగి ఉంటుందో! ఆ మాటే కొన్ని గుండెల్ని నిలబెట్టి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఆవిడ చాలా ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నారు.

క్లోరోఫారం ఏనాడో ఆపరేషన్ థియేటర్లోంచి తప్పుకుంది. 1956లో హాలోథేన్ వచ్చింది, ఆ తరువాత మరెన్నో వచ్చాయి. మారనిది ఒక్కటే, తల దగ్గర కనిపెట్టుకుని ఉండే మనిషి.

మర్నాడు మధ్యాహ్నానికి అమ్మను బయటికి తీసుకొచ్చారు. వేలికి బట్టల క్లిప్పులాంటిది తగిలించి ఉంది. "దీంట్లో నాడీ తెలుస్తుంది, రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో కూడా తెలుస్తుందండీ" అంది డాక్టరమ్మాయి. లారీకీ లండను వారికీ అన్నేళ్ళు తెగని తగవు, మా అమ్మ వేలిమీద రెండు అంకెలై పక్కపక్కనే రాజీగా కూర్చుని ఉంది.

అమ్మ మెల్లగా కళ్ళు తెరిచింది. పేరున్న సర్జను ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఆయన్ను దాటి అమ్మ చూపులు ఇంకెవరికోసమో వెతికాయి.

"ఉందా ఆ పిల్ల?" అంది.

"ఇక్కడే ఉన్నానమ్మా" అని తల దగ్గర్నుంచి వినిపించింది.