వరదరాజమ్మ కట్టించిన చెరువు

మార్కాపురానికీ గిద్దలూరుకీ మధ్య, కంభం దగ్గర, నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మను రెండు కొండల సందులో కట్ట వేసి ఆపారు. కట్ట ఎత్తు 57 అడుగులని బ్రిటిషు కాలపు గెజిటీరు చెబుతుంది. దీన్ని కట్టించింది వరదరాజమ్మ అని ఈ ప్రాంతం మాట. ప్రతాపరుద్ర గజపతి కూతురు ఆమేనని, కళింగ యుద్ధం ముగిశాక సంధిలో భాగంగా శ్రీకృష్ణదేవరాయలకు ఇచ్చి చేశారని, రాయలు ఆదరించకపోవడంతో కంభం వచ్చి ఉండిపోయిందని చెప్పుకుంటారు. తుమ్మెద పట్టించుకోని పువ్వు గోడు చెప్పే తుక్కాపంచకం అనే ఐదు సంస్కృత శ్లోకాలనూ ఆమెకే అంటగట్టారు. ఈ కథలో నేను నమ్మేది చెరువును. నమ్మనిది, ఆ చెరువుకు కారణంగా చూపే కన్నీళ్లను.

రాయల మనసు ఎటు మొగ్గిందో మనకు కొంత తెలుసు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, ముగ్గురు పట్టపు రాణుల్లో ఒకామె రాజు కుర్రతనంలో వలచిన వేశ్య అని, రాజునయితే పెళ్లాడతానన్న మాట నిలబెట్టుకున్నాడని రాశాడు. గజపతి కూతురూ ఆ ముగ్గురిలో ఉంది. ముగ్గురికీ పరివారం, సంపద సమానమని, వాళ్లు స్నేహంగా ఉంటారని కూడా అతడే అన్నాడు. సమానమైన నగలు సమానమైన ప్రేమ కావు, నిజమే. అంతఃపురంలోని మాట పరదేశికి ఎంతవరకు చేరుతుందన్న అనుమానమూ సబబే. కానీ గజపతి కూతుర్ని వెళ్లగొట్టారనడానికి ఆ అనుమానం సాక్ష్యం కాదు. తిరుమలలో రాయల పక్కన మిగతా ఇద్దరు రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలే ఉన్నాయి కదా అని కొందరంటారు. ఆ విగ్రహాలు 1517 నాటివని చెబుతారు; గజపతితో సంధి కుదిరింది ఆ తర్వాత. ఇంకా రాని కోడలి బొమ్మ అక్కడెలా ఉంటుంది?

బహుభార్యాత్వం రాజధర్మమైన కాలంలో రాజు ఒక రాణిని ఆదరించకపోవడాన్ని ద్రోహం అనడమే తప్పని మరో వాదన. శాస్త్రం దృష్టిలో తప్పు లేకపోవచ్చు. అయినా జనం భార్య పక్షాన నిలిచారు, సంధికి వెలగా వచ్చిన ఆడపిల్లకు కూడా మనసుంటుందని ఒప్పుకున్నారు. ఆ న్యాయబుద్ధిని నేను గౌరవిస్తాను. చిక్కల్లా ఒకటే: రాజు కోరికకు పెళ్లి, పట్టపు హోదా దక్కాయి, రాణికి ఏం కావాలని ఉండేదో కథ అడగనే లేదు, ఎడబాటు ఒక్కటే ఇచ్చింది.

అసలు ఈ కథలోని రెండు సగాలూ ఒకదానితో ఒకటి పొసగవు. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, లెక్క చెబుతుంది: రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేయాలన్నా ఆ పాటి కూలి, ధాన్యం, అధికారం కావాలి. వరదరాజమ్మే కట్టించి ఉంటే ఆమె చేతిలో రాబడి ఉంది, ఆమె మాట చెల్లింది. గతిలేక మూల కూర్చున్న మనిషి కాదు. పోరుమామిళ్ల చెరువు కట్టించిన బుక్కరాయల కొడుకు భాస్కరుడి గురించి, భార్య కాదన్నందుకే ఇంత పని పెట్టుకున్నాడని ఎవరూ అనలేదు. జలదానం పుణ్యమని శాసనం చెబితే ఒప్పుకున్నాం. కంభం రాణికీ అదే కారణం చాలు.