ఒకే హుకుంలో దాఢీ, బొట్టు

మా పాయకరావుపేట బజార్లో ఏ సెలూన్ ముందు నిలబడినా నౌజవాన్‌ల ఫర్మాయిష్ ఒకటే. చెంపలు సన్నగా దించాలి, గడ్డానికి లైన్ తీయాలి. చెవి ముందు నుంచి చెంప మీదికి దిగే ఈ జుట్టును ఉర్దూలో 'ఖలమ్' అంటాం. రాసే కలం కూడా ఇదే మాట. అరబ్బీలో ఆ ధాతువుకు కత్తిరించడం అనే అర్థం ఉంది, గోళ్ళు తీయడానికీ అదే వాడతారు. అలా హజ్జామ్ కత్తికీ మున్షీ కలానికీ చుట్టరికం కుదిరింది.

ఇవాళ ఆ లైన్ ఎక్కడ తీయాలో కుర్రాడు తన మర్జీ ప్రకారం చెప్పుకుంటాడు. రెండు వందల ఏళ్ళ క్రితం, మన జిల్లా కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో, ఆ సంగతి కంపెనీ సర్కారు కాగితం మీద రాసి హుకుం జారీ చేసింది.

1765లో మొఘల్ బాద్‌షా షా ఆలం ఇచ్చిన ఫర్మానాతో ఉత్తర సర్కారుల మీద కంపెనీకి హక్కు దొరికింది. విశాఖపట్నం ఆ సర్కారుల్లోదే. మద్రాసు ఫౌజ్‌లో తెలుగువాళ్ళూ, తమిళులూ, ముసల్మానులూ పక్కపక్కనే కొలువు చేసేవారు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయికి 'తిలంగా' అనే పేరు స్థిరపడిందంటే ఆ కొలువులో తెలుగు నేల వాటా అర్థమవుతుంది.

1805 నవంబర్‌లో ఆ ఫౌజ్‌కు కొత్త తరహా తలపాగా వచ్చింది. చూడటానికి అది ఫిరంగీల టోపీలా ఉంది, దానికి తోలు తురాయి. మరుసటి మార్చిలో వచ్చిన నియమావళి ఇంకాస్త ముందుకెళ్ళింది. యూనిఫాంలో ఉన్నప్పుడు నుదుట బొట్టు, నామం పెట్టకూడదు. చెవిపోగులు ఉండకూడదు. పరేడ్‌కు వచ్చే ప్రతి సిపాయీ గడ్డం నున్నగా గీయించుకోవాలి. మీసం పరిమాణం, ఆకారం వీలైనంత వరకు అందరికీ ఒకేలా ఉండాలి.

దాఢీ ముసల్మానుకు సున్నత్. బొట్టు, నామం హిందువుకు తన ధర్మం. కమాండర్-ఇన్-చీఫ్ సర్ జాన్ క్రాడక్ కాలంలో వచ్చిన ఆ హుకుం రెండింటినీ ఒకే దెబ్బతో తుడిచేయమంది.

గొడవ ముందు తలపాగా మీదే రాజుకుంది. 1806 మే నెలలో వేలూరు ఖిలాలో నాలుగో రెజిమెంట్ సిపాయిలు దాన్ని పెట్టుకోం అన్నారు. 21 మందిని మద్రాసు పంపి విచారించారు. 19 మంది మాఫీ అడిగి బయటపడ్డారు. మిగిలిన ఇద్దరికీ చెరి 900 కొరడా దెబ్బలు కొట్టి కొలువు నుంచి తీసేశారు. వాళ్ళలో ఒకరు ముసల్మాను, ఒకరు హిందువు.

జూలై 10 తెల్లవారకముందే ఖిలా భగ్గుమంది. సిపాయిలు ఆంగ్ల దళం మీద పడి వంద మందికి పైగా చంపారు, బురుజు మీద మైసూరు జెండా ఎగరేశారు. టిప్పు సుల్తాన్ కొడుకులు అప్పుడు ఆ ఖిలాలోనే నజర్‌బందులుగా ఉన్నారు. అదే ఉదయం ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి పడ్డాడు. మధ్యాహ్నానికల్లా అంతా ఖతం. వందలాది సిపాయిలు చనిపోయారు.

వేడి మన హైదరాబాద్‌కూ తాకింది. నిజాం రాజ్యంలో ఉన్న కంపెనీ పటాలంలోనూ సిపాయిలు అదే తలపాగా మీద గుర్రుమన్నారు. అక్కడి అధికారి కల్నల్ మాంట్రెసర్ పరిస్థితి గ్రహించి ఆ హుకుంను పక్కన పెట్టాడు. నెత్తురు చిందలేదు. ఆ నెలలోనే మద్రాసు సర్కారు వెనక్కి తగ్గింది. మరుసటి ఏడు గవర్నర్ బెంటింక్‌నూ, క్రాడక్‌నూ లండన్ వెనక్కి పిలిచింది.

వేలూరు వెనుక టిప్పు ఖాందాన్ మీద అభిమానం ఉంది, కొలువులోని కష్టాలూ ఉన్నాయి. అయితే వాటికి నిప్పు పెట్టింది మాత్రం మనిషి తలనూ ముఖాన్నీ తన మిల్కియత్ అనుకున్న సర్కారు. రోజూ అద్దంలో కనిపించే ముఖం మీద ఇంకొకడి హుకుం కనిపిస్తుంటే ఇజ్జత్ ఉన్నవాడు ఎన్నాళ్ళు ఓర్చుకుంటాడు?

ఆ సవాల్ ఇంకా పాతబడలేదు. వాయుసేనలో ముస్లిం ఉద్యోగి దాఢీ పెంచుకునే విషయంలో 2016 డిసెంబర్ 15న సుప్రీం కోర్టు సేన క్రమశిక్షణ, ఏకరూపతల వైపే నిలిచింది. 2024లో మద్రాసు హైకోర్టు మదురై బెంచ్ పోలీసు కానిస్టేబుల్ విషయంలో మరోలా చెప్పింది. 1957 నాటి మద్రాస్ పోలీస్ గెజెట్‌నే చూపించి, మత విశ్వాసంతో దాఢీ ఉంచుకున్నందుకు శిక్షించకూడదంది. ఫౌజ్ వేరు, పోలీసు వేరు, నియమాలూ వేరు. మన పిల్లలు వర్దీ వేసుకునే కొలువుకు దరఖాస్తు పెట్టేముందు ఈ రెండు తీర్పులూ తెలుసుకోవడం మంచిది.

ఇంకొక్క మాట. దాఢీ మాట రాగానే అది ముసల్మానుల జిద్దు అనేవాళ్ళు ఎదురవుతారు. అప్పుడు కోపగించుకోకుండా వేలూరు కిస్సా చెప్పండి. కొరడా కింద నిలబడిన ఇద్దరిలో ఒకడు మనవాడు, రెండోవాడు మన పొరుగువాడని చెప్పండి.