ఉద్దానంలో చక్కెర లెక్క

గాజు గొట్టంలో నీలం ద్రావణం, అందులో ఎనిమిది చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. మరిగాక ఆకుపచ్చగా మారితే చక్కెర కొద్దిగా ఉన్నట్టు, ఇటుక ఎరుపుకు తిరిగితే బాగా ఉన్నట్టు. 1908లో అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ రూపొందించిన ఈ పరీక్ష దశాబ్దాలపాటు మధుమేహానికి ప్రధాన కొలమానంగా నిలిచింది. అయితే రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. కిడ్నీ దెబ్బతింటే ఆ హద్దు కూడా మారిపోతుంది. కిడ్నీ జబ్బున్న మనిషి విషయంలో ఆ రంగును నమ్మలేం.

1960లలో రక్తపు చుక్కతో రంగు మారే డెక్స్‌ట్రోస్టిక్స్ స్ట్రిప్పులు వచ్చాయి. ఆ రంగును కంటితో కాక యంత్రంతో చదివించాలని ఏమ్స్ కంపెనీ ఇంజనీరు ఆంటన్ క్లెమెన్స్ తయారుచేసిన మీటరు 1970లో మార్కెట్లోకి వచ్చింది. బరువు కిలోకు పైనే. 1987లో రంగుకు బదులు విద్యుత్ ప్రవాహాన్ని కొలిచే చిన్న మీటర్లు రావడంతో ఇంట్లో పరీక్ష మరింత తేలికైంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ చక్కెర అంకెకు బరువెక్కువ.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు పాడవడం వైద్యులను కలవరపెట్టింది. ఇక్కడి పెద్దల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉందని అధ్యయనాలు తేల్చాయి. కారణం తెలియని జబ్బు అని రాయాలంటే ముందు మధుమేహం లేదని నిర్ధారించాలి. ఆ నిర్ధారణకు సరైన కొలత కావాలి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జబ్బు మూలం కోసం వెతుకులాట మాత్రం ఆగలేదు.

షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నవారికి చిక్కు మరీ ఎక్కువ. కిడ్నీ జబ్బుతో రక్తహీనత వస్తుంది. రక్తం పలచబడితే చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మరోవైపు దెబ్బతిన్న కిడ్నీ ఇన్సులిన్‌ను త్వరగా తొలగించలేకపోతుంది, మందు ఒంట్లో ఎక్కువసేపు పనిచేస్తుంది. తప్పుడు అంకె చూసి మోతాదు పెంచితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా రక్తహీనతలో, డయాలిసిస్‌లో దారి తప్పుతుంది.

మీటరు ఎంత తప్పినా ఫరవాలేదో 2013 నాటి ఐఎస్ఓ 15197 ప్రమాణం చెబుతుంది. చక్కెర 100, ఆపైన ఉంటే ల్యాబ్ ఫలితానికి 15 శాతం లోపల, 100 కన్నా తక్కువుంటే 15 పాయింట్ల లోపల, నూటికి 95 సార్లు ఉండాలి. 2003 నాటి ప్రమాణం 20 శాతం దాకా ఒప్పుకునేది. ల్యాబ్‌లో 200 వస్తే మీటరు 170 నుంచి 230 మధ్య ఎంత చూపినా ఇప్పటికీ సరైనదే.

మీటరు బాగున్నా కొలిచే తీరు చెడగొట్టవచ్చు. పనస తొనలు ఒలిచిన చేతులు, జీడిమామిడి పండు పిండిన వేళ్లు కడగకుండా సూది గుచ్చితే ఆ తీపి కూడా లెక్కలో చేరుతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి వదిలేస్తే సముద్రపు తేమకు పాడవుతాయి. ల్యాబ్ అంకె కూడా దానంతటది ప్రమాణం కాదు. తీసిన రక్తాన్ని ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత గొట్టంలో పోయకుండా పల్లె నుంచి టెక్కలికో పలాసకో పంపితే, దారిలోనే రక్తకణాలు గంటకు 5 నుంచి 7 శాతం చక్కెరను వాడేసుకుంటాయి.

అందుకే పోల్చి చూడాలంటే పరగడుపున ల్యాబ్‌కే మీటరు పట్టుకెళ్లి, రక్తం తీసిన నిమిషాల్లోనే వేలి చుక్కతో చూసుకోవాలి. తేడా 15 శాతం దాటితే కొత్త డబ్బా స్ట్రిప్పుతో మళ్లీ కొలిచి, ఇన్సులిన్ మార్చకముందే ఆ అంకెలన్నీ డాక్టరుకు చూపించాలి. హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా పక్కనే రాసిస్తే ఆయనకు లెక్క తేలికవుతుంది.