నానీమా ఖాలీన్‌లో లాఖ్ ఎరుపు

మా నానీమా ఇంటి నుంచి విరాసత్‌గా నాకు దక్కింది ఒక్కటే. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున్న ఊలు ఖాలీన్. ఏలూరు తంగెళ్ళమూడిలో నానీమా దాన్ని ‘తివాచీ’ అనేవారు, బయటి మెహమాన్‌లు వస్తే మాత్రం ‘ఖాలీన్’ అనేవారు. రంజాన్‌కి ముందు ఇల్లు సర్దుతూ మా పెద్దమ్మాయి దాన్ని విప్పి పరిచింది.

“అబ్బా, ఇది వెలిసిపోయింది. చూడు, ఇక్కడిదాకా ఒక ఎరుపు, ఇక్కణ్నించి ఇంకో ఎరుపు. ఎవరికైనా ఇచ్చేద్దామా?”

దగ్గర కూర్చుని చూశాను. బిటియా చెప్పింది నిజమే. కింది నుంచి జానెడు దాకా దానిమ్మ గింజలాంటి గాఢమైన ఎరుపు. ఆ తర్వాత గీత గీసినట్టు కొంచెం తేలిక. అయితే అది వెలిసిపోవడం కాదు. ఎండకు వెలిస్తే అట్లా గీత గీసినట్టు ఉండదు. ఒక కాగులో వేసిన ఊలు అయిపోయి, ఇంకో కాగులో వేసిన ఊలు మొదలైన చోటు అది. దానికి ఖాలీన్ బజారులో ఒక పేరుంది: అబ్రష్. అరబీ, ఫార్సీల నుంచి వచ్చిన మాట. మచ్చలున్నది, రంగు కలిసీ కలవనిది అని అర్థం. చేత్తో రంగేసిన ఊలుకు ఇది దస్తఖత్ లాంటిది. మిషన్‌లో వంద కిలోలు ఒకేసారి రంగేస్తే అబ్రష్ రాదు. ఇప్పుడు కొన్ని కంపెనీలు పాత మాల్ అనిపించడానికి కావాలనే అబ్రష్ తెప్పిస్తున్నాయి. తప్పును నకల్ కొట్టే జమానా!

మన ఇళ్లలో తారీఖ్ అంటే బాద్షాలు, జంగులు, కిలాలు. రంగ్‌రేజ్ గురించి ఎవరూ చెప్పరు. కాబట్టి ముందు ఆయన పని చెప్తాను.

గొర్రె మీది ఊలులో చమురు ఉంటుంది. దాన్ని కడిగి వదిలించకపోతే రంగు పట్టదు. కడిగాక పటిక, మనం ఫిట్కరీ అంటామే, అది కలిపిన నీళ్లలో చిలపలను సన్నసెగ మీద ఉంచాలి. పటిక ఊలుకూ రంగుకూ మధ్య నికాహ్ చేసే వకీలు లాంటిది. అది లేకపోతే రంగు వచ్చినట్టే వచ్చి మొదటి ఉతుకులోనే పోతుంది. ఇక్కడ జల్దీబాజీ పనికిరాదు. మరుగుతున్న నీళ్లలోంచి ఊలు తీసి చన్నీళ్లలో వేసినా, గట్టిగా కలియబెట్టినా పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుని ముద్దవుతాయి. కావాలని అట్లా చేస్తే అది నమ్దా. కశ్మీర్ నుంచి వచ్చేవాళ్లు అమ్మే నమ్దాలు అట్లా పుట్టినవే. కానీ నేయాల్సిన ఊలు నమ్దా అయితే రంగ్‌రేజ్‌కి ఆ రోజు రోజీ గోవిందా.

నీలిది ఇంకో తమాషా. నీలిమందు మామూలు నీళ్లలో కరగదు. గాబులో పులియబెట్టి కరిగించాలి. అందులో ముంచి తీసిన ఊలు మొదట పచ్చగా, పసుపుగా కనిపిస్తుంది. గాలి తగిలిన కొద్దీ చూస్తుండగానే నీలం అవుతుంది. నూలుకైతే సున్నం గట్టిగా వేసినా ఫరవాలేదు, ఊలు మాత్రం ఘాటైన క్షారానికి చచ్చిపోతుంది. అందుకే ఊలు గాబు మిజాజ్ వేరు. ఆకుపచ్చ కావాలంటే ముందు నీలం, తర్వాత పసుపు. పాత ఖాలీన్‌లలో ఆకులు నీలంగా కనిపిస్తే నేతగాడి షాయరీ అనుకోకండి. పైన వేసిన పసుపు ఏళ్ల మీద ఎగిరిపోయి కింది నీలం మిగిలింది, అంతే. నల్లటి గీతల చోట ఊలు తిని గుంటలా ఉంటే అది చెదల పని కాదు. కరక్కాయలాంటి వగరు సరుకులో ఇనుము కలిపి చేసిన నలుపు మెల్లగా ఊలునే కొరుక్కు తింటుంది. మా ఖాలీన్‌లో పూల చుట్టూ గీత అట్లాగే లోతుకు పోయింది. మా అమ్మీ ఇన్నేళ్లూ పాపం డామరుగోళీల మీద డబ్బు తగలేసింది.

ఎరుపు దగ్గరికి వస్తాను. హిందుస్తానీ ఖాలీన్‌ల ఎరుపు చాలావరకు లాఖ్, అంటే లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే గూడు అది. గూటిని దంచి నీళ్లలో వేస్తే ఎరుపు దిగుతుంది, జిగురు మిగులుతుంది. ఈస్టిండియా కంపెనీ ఈ రంగును విలాయత్‌కి పంపింది. అక్కడ ఎర్ర బనాతులకు వాడారు. తర్వాత రసాయన రంగులు వచ్చి దీని బజారు పడిపోయింది. జిగురుకు మాత్రం గిరాకీ పెరిగింది, గ్రామఫోన్ రికార్డులు దానితోనే చేసేవాళ్లు. ఒకప్పటి అసలు సరుకు ఫ్యాక్టరీల కాలవల్లో ఎర్రనీళ్లయి పారింది.

లాఖ్ ఎరుపు ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే జపాన్ వెళ్లాలి. క్యోటో నగరంలో ప్రతి జూలైలో గియోన్ పండుగ చేస్తారు. పెద్ద పెద్ద రథాల లాంటి బండ్లకు పాత ఖాలీన్‌లు వేలాడదీస్తారు. వాటిలో కొన్ని 17, 18 శతాబ్దాల్లో మన దక్కన్‌లో నేసినవని పరిశోధకులు తేల్చారు. డచ్చి ఓడల్లో నాగసాకి చేరి, అక్కడి నుంచి క్యోటో సౌదాగర్ల ఇళ్లకు వెళ్లాయి. డచ్చివాళ్లు మన మచిలీపట్నంలో 1600ల మొదట్లోనే కోఠీ పెట్టారు, ఇంగ్లీషువాళ్లు 1611లో. అది కుతుబ్‌షాహీల బందర్. ఇరాన్ వెళ్లే జహాజులు అక్కడి నుంచే కదిలేవి.

ఇక మా ఖాందాన్ ఫఖ్ర్ సంగతి. నానీమా వైపు వాళ్లందరూ ఒకటే మాట: “మనం ఇరాన్ నుంచి వచ్చాం.” ఏలూరు తివాచీ పనిని తెచ్చింది ఇరానీ కారీగర్లే అన్న మాట పాత గెజిటీర్లలో కూడా ఉంది. నమ్మదగిందే. కుతుబ్‌షాహీ సల్తనత్ నెలకొల్పిన సుల్తాన్ కులీ హమదాన్ మనిషి. మహమ్మద్ కులీ దగ్గర పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాద్ వాడు. అంతమంది అమీర్లు, ఆలిమ్‌లు, సౌదాగర్లు వచ్చినప్పుడు కొందరు ఉస్తాద్‌లు రాకుండా ఉంటారా? కానీ ఉస్తాద్‌లు ఎంతమంది వచ్చి ఉంటారు? మగ్గాలు ఎన్ని? కడిగినవాళ్లు, వడికినవాళ్లు, లక్క దంచినవాళ్లు, గాబు కాసినవాళ్లు అందరూ జహాజు దిగినవాళ్లేనా? ఏలూరు నక్షాల పేర్లు వినండి: హాషిమ్ ఖానీ, రామచంద్ర ఖానీ, గోపాలరావు ఖానీ. నేయించిన ఆసాముల పేర్లే నక్షాలకు పెట్టారంటారు. గోపాలరావు ఖానీ అనే మాట ఇస్ఫహాన్‌లో పుట్టదు కదా!

మా దాదా వైపు దూదేకులవాళ్లు. కమాన్ భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాళ్లు. అమ్మీ, అబ్బాల నికాహ్ మాట వచ్చినప్పుడు నానీమా ఇంట్లో ఏడాదిన్నర పాటు “పింజారీలకా మన పిల్ల?” అన్నారట. నికాహ్ అయ్యాక కూడా దావత్‌లలో మా అబ్బా ఒక పక్కన కూర్చునేవారు. నేను చూశాను. చిన్నప్పుడు ఎందుకో తెలియలేదు.

చాలా ఏళ్ల తర్వాత, ఖుర్ఆన్‌లో ఖియామత్ వర్ణనలో వచ్చే రెండు మాటల అర్థం వెతుకుతూ ఆగిపోయాను. ‘ఇహ్న్’ అంటే ఊలు, అందులోనూ రంగేసిన ఊలు అని చాలామంది లుగత్‌కారులు రాశారు. ‘మన్ఫూష్’ అంటే ఏకినది. పర్వతాలకు ఆ ఊలుతో పోలిక. మా ఇంటి రెండు వైపుల పనులూ ఒకచోట ఉన్నాయి, ఒకటి చేయకుండా ఇంకోటి లేదు. అబ్బాకి చెబుదామంటే అప్పటికి ఆయన లేరు.

ఈ హునర్ ఎట్లా పాడైందో జార్జ్ బర్డ్‌వుడ్ అనే ఇంగ్లీషాయనే 1880లో తన పుస్తకంలో రాశాడు. మచిలీపట్నం ఖాలీన్‌లు ఒకప్పుడు హిందుస్తాన్‌లో మేలైన వాటిలో ఒకటి. విలాయతీ దళారులు చవక సరుకు తామే ఇచ్చి దానితోనే నేయమన్నారు. తర్వాత పూలకూ ఆకులకూ చుట్టూ ఉండే సన్నటి గీత ఖర్చు దండగ అన్నారు. గీత పోయింది, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, నక్షా మొద్దుబారింది. ఇది చదివాక మా ఖాలీన్‌లోని ఆ కొరుక్కుపోయిన గీతను ఇంకోసారి చూశాను. ఇంకోపక్క జైళ్లలో ఖైదీల చేత ఖాలీన్‌లు నేయించి సర్కారే అమ్మడం మొదలుపెట్టింది. కూలీ ఇవ్వక్కర్లేని మగ్గంతో బాల్‌బచ్చేదార్ నేతగాడు ఎట్లా పోటీ పడతాడు? బర్డ్‌వుడ్‌కి కూడా దీని మీద కోపమే. ఆయన బాధ ఎక్కువగా అందం పోయిందని. నాకైతే ఆ ఇళ్లలో పొయ్యి వెలిగిందా లేదా అన్నదే ముందు గుర్తొస్తుంది.

రసాయన రంగులు 1856లో మొదలయ్యాయి. పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు చేయబోతే ఊదారంగు తేలింది. 1869కల్లా మంజిష్ఠ ఎరుపు ఫ్యాక్టరీలో తయారైంది, 1897లో జర్మనీ నీలి బజారుకొచ్చింది. తొలినాటి రంగులు కొన్ని ఎండకు నెలల్లోనే తేలిపోయేవి. ఇరాన్‌లో నాసిరుద్దీన్ షా వాటి దిగుమతిని మనా చేశాడు కూడా. అట్లాగని రసాయన రంగంటేనే నాసిరకం అనే మాట నాకు నచ్చదు. తర్వాత వచ్చిన క్రోమ్ రంగులు చెక్కుచెదరవు. పోయింది రంగు నాణ్యం కాదు, రంగ్‌రేజ్. డబ్బా మీద రాసినంత కలిపితే చాలు అన్నాక, గాబు వాసన చూసి నీలి పండిందో లేదో చెప్పే మనిషికి కూలీ ఎవరిస్తారు?

మొన్న ఏలూరులో ఉండే మా ఖాలాకి ఫోన్ చేసి ఖాలీన్ గురించి అడిగాను. ఎవరు నేశారో తనకు తెలుసు, నానీమా మామూ. “మరి ఊలుకి రంగెవరు వేశారు ఖాలా?”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది: “మా నానా మియా. ఆయన మగ్గం మీద ఎప్పుడూ కూర్చోలేదు బేటా. కాగుల దగ్గరే. చేతులు మోచేతులదాకా నీలంగా ఉండేవి. అందుకే షాదీలకు పూర్తి చేతుల కుర్తా వేసుకునేవారు. మీ అబ్బా నికాహ్‌కి కూడా అదే. మీ అమ్మీకి ఈ మాట చెప్పొద్దు, అమ్మ ఎవరితోనూ అనొద్దంది.”

పింజారీలని నవ్విన ఇంట్లో ఒకాయన ఎండాకాలంలో కూడా మణికట్టు గుండీలు పెట్టుకుని కూర్చున్నాడన్నమాట.

అమ్మీకి చెప్పాను. ఆమె “నాకు తెలుసు” అని, ఖాలీన్‌ని నీడలో తిరగేసి వెయ్యమంది, ఎండ తగలకుండా. వెనక వైపు రంగులు ఇంకా నిన్న వేసినట్టున్నాయి. పెద్దమ్మాయి స్కేలు తెచ్చుకుని అంగుళానికి ఎన్ని ముడులో లెక్కపెడుతోంది. రెండు ఎరుపులు కలిసే చోటికి రాగానే లెక్క తప్పి మళ్లీ మొదటికొచ్చింది.