టీకా మందు పెట్టె – థర్మోస్టాట్ కథ

థర్మోస్టాట్ అనగానే చాలామందికి ఇస్త్రీపెట్టె, గీజరు గుర్తుకొస్తాయి. ఆరోగ్యశాఖలో పనిచేసిన మన సభ్యులకు మాత్రం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గోడవారగా ఉండే, మూత పైకి తెరుచుకునే తెల్లటి పెట్టె కళ్లముందు కదులుతుంది. దానినే ఐ.ఎల్.ఆర్. అనేవాళ్లం.

1985లో దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. రోహిణీ కార్తెలో మన జిల్లా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మైపాడు, ఇస్కపల్లి, జువ్వలదిన్నె వంటి సముద్రపు ఒడ్డు పల్లెల్లో బిడ్డకు వేసే మందు మంచిదా కాదా అన్నది చాలావరకు ఆ పెట్టెలోని చిన్న పరికరం మీదే ఆధారపడేది.

ఇది కొత్త ఊహేమీ కాదు. 17వ శతాబ్దంలో హాలెండు దేశస్థుడు కార్నెలిస్ డ్రెబెల్ కోడిగుడ్లు పొదిగించే పొయ్యికి వేడి దానంతటదే సర్దుకునే ఏర్పాటు చేశాడు. 1830లో స్కాట్లండుకు చెందిన ఆండ్రూ యూర్ రెండు లోహాల పట్టీతో చేసిన పరికరానికి పేటెంటు పొందాడు. థర్మోస్టాట్ అన్న పేరు ఆయన పెట్టిందే.

పాత పెట్టెల్లో లోహపు పట్టీకి బదులు సన్నని గొట్టంలో వాయువు ఉండేది. లోపల వేడి పెరిగితే వాయువు ఉబ్బి స్విచ్చిని కలుపుతుంది, కంప్రెసర్ తిరుగుతుంది. చల్లబడితే స్విచ్చి విడిపోతుంది. మనం తిప్పే మర అక్కడి స్ప్రింగును బిగిస్తుంది, వదులు చేస్తుంది, అంతే. దాని మీది అంకెలు డిగ్రీలు కావు.

చిక్కంతా ఇక్కడే. ఎండ మండిపోతోందని మర బాగా తిప్పితే, రాత్రి చల్లబడ్డాక మందు గడ్డకట్టవచ్చు. పోలియో చుక్కలకు వేడే శత్రువు, గడ్డకట్టినా చెడవు. డి.పి.టి., టి.టి. మందులు ఒకసారి గడ్డకడితే కరిగినా పనికిరావు. సూది వేస్తారు, కార్డులో టిక్కు పడుతుంది, బిడ్డకు రక్షణ మాత్రం ఉండదు. అందుకే ఉదయం, సాయంత్రం ధర్మామీటరు చూసి రిజిస్టరులో రాయమనేవారు. ఆ రాతను చాదస్తమన్నవాళ్లు లేకపోలేదు!

కరెంటు పోతే థర్మోస్టాట్ చేయగలిగిందేమీ లేదు. 1989 నవంబరు 9న కావలి దగ్గర తీరం దాటినటువంటి పెనుతుఫానులు వచ్చే చోట అది చిన్న సంగతి కాదు. ఐ.ఎల్.ఆర్. గోడల్లోని మంచు ఆదుకునేది అప్పుడే. రోజుకు 8 గంటలు వరుసగా కరెంటు ఉంటే దానికి చాలు.

ఇప్పుడు మన ఇళ్లలో చాలామంది ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటోంది. వాడకానికి తెరవని సీసాకూ అదే 2 నుంచి 8 డిగ్రీల లెక్క. ఫ్రీజరుకు ఆనించి పెట్టకండి. గడ్డకట్టినదాన్ని పారవేయవలసిందే.