పొడి కాదు, ప్రాణం! రైజోబియం ప్యాకెట్ వెనక 140 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతా. మాది అనంతపురం జిల్లా, వేరుశనగ పండే ఊరు. ఓ ఏడాది మా నాయన రైజోబియం ప్యాకెట్ తెమ్మన్నాడు. తెచ్చి, రెండు రోజులు బైక్ బ్యాగులోనే ఎండకు వదిలేశా. పొడే కదా, ఏమవుతుందిలే అనుకున్నా. విత్తనానికి పట్టించాం. పైరులో ఏ తేడా కనిపించలేదు. "ఇదంతా దండగరా" అన్నాడు నాయన. నేను నోరు మెదపలేదు.

ఇలాంటి తప్పే ఒకప్పుడు అమెరికాలో కూడా జరిగింది. కానీ కథ మొదలైంది జర్మనీలో.

పప్పుజాతి పంట వేస్తే నేల బలపడుతుందని రైతులకు ఎప్పటినుంచో తెలుసు. ఎందుకో తెలీదు. ఆ గుట్టును 1886లో హెల్‌రీగెల్ అనే శాస్త్రవేత్త బెర్లిన్‌లో విప్పారు. నత్రజని లేని ఇసుకలో, సూక్ష్మజీవులన్నీ చంపేసి బఠానీ వేస్తే మొక్కలు గిడసబారాయి. కొంచెం పొలం మట్టి కలిపిన నీళ్లు పోస్తే వేళ్లకు బుడిపెలొచ్చి ఏపుగా పెరిగాయి. అంటే గాలిలోని నత్రజనిని మొక్కకు అందించేది మట్టిలోని జీవులే! 1888లో నెదర్లాండ్స్‌కు చెందిన బైయరింక్ ఆ బుడిపెల్లోంచి బ్యాక్టీరియాను వేరుచేశారు. 1896లో నోబె, హిల్ట్‌నర్ దానికి పేటెంట్ తీసుకుని 'నైట్రాజిన్' పేరుతో అమ్మకానికి తెచ్చారు.

ఇక అమెరికా. అక్కడి వ్యవసాయ శాఖలో జార్జ్ మూర్ ఈ బ్యాక్టీరియాను దూదికి పట్టించి, ఆరబెట్టి, పోస్టులో రైతులకు పంపారు. 1904 నాటికి పత్రికల నిండా అదే మాట. రైతులు ఎగబడ్డారు. 1905లో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా ప్రయోగ కేంద్రం, మార్కెట్లో అమ్ముతున్న అలాంటి దూది ప్యాకెట్లను పరీక్షించింది. చూస్తే అవి దేనికీ పనికిరానివి. ఆరబెట్టిన దూదిలో బ్యాక్టీరియా చచ్చిపోయాయి.

తప్పు బ్యాక్టీరియాది కాదు, దాన్ని మోసుకెళ్లిన పద్ధతిది. కానీ చేతులు కాల్చుకున్న రైతుకు ఆ తేడా ఎవరు చెప్పాలి?

1904లోనే హిల్ట్‌నర్ ఇంకో మాట చెప్పారు. వేళ్ల చుట్టూ ఉండే మట్టికి 'రైజోస్ఫియర్' అని పేరుపెట్టి, అక్కడ మంచి సూక్ష్మజీవులుంటే తెగుళ్లనూ అడ్డుకుంటాయని ఊహించారు. ఈరోజు మనం వాడే సూడోమోనాస్ వెనకున్న ఆలోచన అదే.

తర్వాతి ఏడాది తేదీ చూసి కొత్త ప్యాకెట్ తెచ్చా. బెల్లం నీళ్లు కాచి, బాగా చల్లార్చి, పొడి కలిపి విత్తనానికి పట్టించా. నీడలో ఆరబెట్టి వెంటనే విత్తాం. నెల దాటాక ఓ మొక్క పీకి బుడిపె కోశా. లోపల ఎర్రగా ఉంది. అంటే లోపల పని జరుగుతోందన్నమాట.

ఆ బైక్ బ్యాగు సంగతి మాత్రం నాయనకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఈ వీడియో చూస్తే తెలిసిపోతుంది. మీ ఇంట్లో కూడా ప్యాకెట్ ఉంటే, ఇప్పుడు ఎక్కడుందో ఒకసారి చూసి కామెంట్‌లో చెప్పండి.